తుమ్మచెట్టు ఉలికిపాటు

ఒకప్పుడు తుమ్మచెట్టుకు ముళ్ళుండేవి కావు. గొర్రెకు నెమరు వేయడం తెలిసేది కాదు. తుమ్మ ఒళ్ళు నున్నగా ఉండేది, గొర్రె మింగింది మింగినట్టే కడుపులో పడి ఉండేది.

ఆ రోజుల్లో గొర్రె గడ్డి తప్ప మరొకటి ముట్టేది కాదు. చెట్టు మీది తిండి మేకలకే తగుతుందని మూతి విరిచేది. కడుపు నిండినప్పుడు ఎవరైనా అలాగే మాట్లాడతారు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. గడ్డి వేళ్ళతో సహా ఎండిపోయింది. మందను కాసే కొమురవ్వ ఎంత తిరిగినా పరక దొరకలేదు. మందలో బొల్లి అనే గొర్రె అప్పుడే ఈనింది. దాని పొదుగులో చుక్క పాలు లేవు. పిల్ల లేచి నిలబడడం కూడా మానేసింది.

కొమురవ్వ పొడుగాటి కర్రకు కొడవలి కట్టి, మందను తోలుకుని తుమ్మ దగ్గరికి వెళ్ళింది.

"కోపం జెయ్యకు తల్లీ. నీ కొమ్మలు కొట్టక తప్పదు. పిల్ల సచ్చేటట్టున్నది" అంది.

తుమ్మ తన చేతులు నరకొద్దని బతిమాలింది. కాయలు తనే రాలుస్తానంది. కానీ కాయ తొక్కలోని తీపి గొర్రెలది, లోపలి గింజలు మాత్రం తనవని షరతు పెట్టింది.

"అవి నా పిల్లలు. ఒక్కటి పోకుండా నాకు అప్పజెప్పాలె" అంది. బొల్లి సరేనని తలూపింది.

తుమ్మ ఒళ్ళు దులిపింది. కాయలు జలజలా రాలాయి. ఆకలికి ఇచ్చిన మాట గుర్తుంటుందా? మందంతా నమలకుండానే మింగేసింది. అందరికంటే బొల్లి ఎక్కువ మింగింది. సాయంత్రానికి దాని పొదుగు నిండింది. పిల్ల తోకాడిస్తూ పాలు తాగింది.

అప్పుడు తుమ్మ కిందికి చూసింది. నేల మీద ఒక్క గింజ లేదు.

"నా పిల్లలేరి?" అంది.

తుమ్మకు ఒళ్ళంతా జలదరించింది. నున్నటి కొమ్మల మీద రోమాలు సూదుల్లా నిక్కబొడుచుకున్నాయి. అవి మళ్ళీ అణగలేదు.

బొల్లి తన పిల్లను చూసింది, ఖాళీ నేలను చూసింది. తన బిడ్డ కోసం మరో తల్లి బిడ్డల్ని తినేసిందని దానికప్పుడు తెలిసింది. కూలబడింది. మింగిందంతా గొంతులోకి ఎగదన్నింది.

కొమురవ్వ నిర్ఘాంతపోయింది. తిన్న మేత తిరిగి నోట్లోకి రావడం ఆమె ఎన్నడూ చూడలేదు. మందకు తన చేతులతోనే విషం పెట్టానని గుండెలు బాదుకుంది. ఇంతలో బొల్లి దవడలు ఆడాయి. నోట్లోంచి నల్లటి గింజ ఒకటి టప్పున రాలింది. తర్వాత మరొకటి. అది చూసి మందంతా కూర్చుని నమలసాగింది. మందలోని మేకలు కూడా కూర్చున్నాయి. ఎందుకని అడక్కండి, ఒకరు చేసింది తామూ చేయందే వాటికి తోచదు.

"అక్కా, కడుపంతా దేవులాడుతున్న" అంది బొల్లి తుమ్మతో, ఒక్కో గింజా వెతుకుతూ.

దొరికిన గింజలు చెట్టు కింద పడ్డాయి. దొరకనివి పెంటికలతో పాటు దొడ్లో పడ్డాయి. వానలు కురిశాక మంద పడుకున్న చోటల్లా తుమ్మ మొలకలు లేచాయి. వాటిని చూసి తుమ్మ మనసు కరిగింది. బొల్లి మనసే కుదుటపడలేదు.

అప్పటినుంచే తుమ్మకు ఒళ్ళంతా ముళ్ళు. మళ్ళీ ఏ తల్లి పొదుగు ఎండిపోతుందోనని కాయకు మాత్రం ఒక్క ముల్లు కూడా రానివ్వలేదు. అప్పటినుంచే గొర్రె మేత అయ్యాక ఓ పక్కన కూర్చుని, ఇంకొకరి బిడ్డ లోపల ఉండిపోయిందేమోనని నమిలి నమిలి వెతుకుతూనే ఉంది.