కాచోజు చేసిన కడపటి వరుస వ్రతము

అక్షతలు చేతబట్టుకొని వినండి. చేయి జారనీయకండి, కథ చిన్నదే.

ఒకనాడు గాలవుడు మాండవ్య మహామునిని చూచి, గొప్ప కట్టడములు కట్టి మెప్పు పొందినవారు ఆ మెప్పుచేతనే చెడకుండుటకు వ్రతమేదైన కలదా యని అడిగెను. మాండవ్యుడు నవ్వి ఇట్లు చెప్పెను.

పూర్వము రత్నగిరి పట్టణమున కాచోజు అను శిల్పాచార్యుడుండెను. ఏ కట్టడము ముగిసినను, విశ్వకర్మకు దీపము పెట్టుటకు ముందు, రాళ్లు మోసిన కూలివారితో కడపటి చోట కూర్చుండి, వారు పెట్టినది తిని, వారు చూపిన తప్పు దిద్దుట ఆ యింటి వ్రతము. రాజు మెచ్చి కాచోజు చేతికి బంగారు కడియము తొడిగిన నాటినుండి కూలివారు ఆతని కంటికి ఆనలేదు. వ్రతము మానెను.

మానిన యేడే సత్రము కట్టెను. మెట్లు మరీ ఎత్తై, ముసలివారు ఎక్కలేక వాకిటనే పడుకొనిరి. అయినను ఆతనికి బుద్ధి రాలేదు. పిమ్మట నాటకశాల కట్టి, నడుమ తన నిలువెత్తు విగ్రహము నిలిపెను. తొలి ఆటనాడే వెనుకనున్న జనులు కనబడుటలేదని గోల చేసిరి. ఆట ఆగిపోయెను. రాజు కోపించి, పున్నమిలోగా తప్పు దిద్దనిచో కడియము తీసికొని ఊరు వెడలగొట్టుదునని పలికెను.

కాచోజు స్తంభములు కొలిచెను, గోడలు కొలిచెను. అందరికి తెలిసిన తప్పు ఆతనికి మాత్రము తెలియలేదు. చెప్పుటకు ఎవరికి నోరు రాలేదు. అన్నము మాని కూలబడియున్న మగనికి భార్య ఏచమ్మ మానిన వ్రతమును గుర్తుచేసెను.

మరునాడు ఆతడు తలస్నానము చేసి, కడియము ఆమె చేతికిచ్చి, నాటకశాలలో కూలివారితో కడపటి వరుసలో కూర్చుండెను. తట్టలు మోసిన ఎర్రక్క గంజి పోసెను. ఆతడు తాగి, ఇచటినుండి ఏమి కనబడుచున్నదని ఆమెను అడిగెను.

"ఏం జెప్పేది దొరా! మీ వీపే కనబడతా ఉండాది" అనెను ఎర్రక్క.

కాచోజు తలయెత్తి చూచెను. నిజమే! సిగ్గుతో కన్నులు చెమ్మగిల్లెను. పిదప పకపక నవ్వెను. కూలివారందరును నవ్విరి. ఆతడే ఉలి పట్టి ఆ విగ్రహమును చదునుచేసి, కడపటి వరుసకు అరుగుగా వేసెను. సత్రపు మెట్లును దిద్దెను.

పున్నమినాటి ఆటలో రాజు కాచోజును వెదకించెను. ఆతడు వెనుక ఎర్రక్క ప్రక్కన, తన రాతిమీదనే కూర్చుండి, అందరికన్న బిగ్గరగా నవ్వుచుండెను. రాజు సంతోషించి, కడియము ఉంచుకొమ్మనెను.

కావున ఇల్లు కట్టువారు, ఆనకట్టలు కట్టించువారు, నాటకములాడించువారు, రాజ్యమేలువారు ఈ వ్రతము చేయవలెను. వారి గోడలు బీటవారవు, పేరు చెడదు, ఇంట నవ్వు తరగదు.

అక్షతలు తలపై వేసికొనండి. ప్రసాదము మాత్రము ఇటునుండి కాదు, అదిగో, ఆ తలుపు దగ్గర కూర్చున్నవారినుండి మొదలుపెట్టండి.