నూకాలమ్మ నిలబెట్టిన నూర్పిడి యంత్రం

అనగనగా ఒక ఊరుందట. ఆ ఊళ్ళో నూకాలమ్మ అని ఒకామె కొలిమి నడిపేదట. కొడవళ్ళకు పదును పెట్టేది, నాగలి కర్రులు సాగగొట్టేది. ఊ కొడుతున్నావా బుజ్జీ? కొట్టాలి మరి.

ఒకరోజు సర్పంచి సన్యాసినాయుడు ఆమెకు కబురంపాడు. "నూకాలూ, పంచాయతీ కొట్టుగదిలో పాత ఇనుమేదో పడుంది. సమ్మెట పట్టుకొచ్చి ముక్కలు చేసెయ్యి, పాత ఇనుము బండికి ఎక్కించేద్దాం" అన్నాడు.

నూకాలమ్మ సమ్మెట భుజాన వేసుకుని వెళ్ళింది. బూజు దులిపి చూస్తే ఏముంది? కాలితో తొక్కితే వడ్లు రాల్చే నూర్పిడి యంత్రం! పీపా అంత డ్రమ్ము, దాని ఒంటి నిండా తీగ కొక్కేలు, పక్కన పళ్ళ చక్రం. అంతకు ముందు జనం వరి పనలు బల్లకేసి కొట్టేవారు, ఎడ్లతో తొక్కించేవారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మొట్టమొదట వచ్చిన యంత్రం అదే. అలాంటిది ఇంకెక్కడా మిగల్లేదు.

అప్పుడు నూకాలమ్మ సమ్మెట కింద పెట్టేసింది. "నాయుడుబాబూ, దీన్ని పగలగొట్టడానికి నాకు చెయ్యి రావట్లేదు. బాగుచేస్తాను. పంచాయతీ ముందు పెడదాం, నలుగురూ చూస్తారు."

సర్పంచి నవ్వాడు. "కోతలయ్యేలోగా ఇది తిరిగితే పంచాయతీ ముందే పెడదాం. తిరక్కపోతే మాత్రం బండికే."

ముందు తుప్పు సంగతి చూసింది. చింతపండు నీళ్ళు పోసింది, కిరసనాయిలు రాసింది, ఇటుక పొడితో తోమింది. తోమగా తోమగా లోపలి నల్లటి ఇనుము కళ్ళు తెరిచింది.

ఆ తర్వాత కొక్కేలు. సగం విరిగిపోయి ఉన్నాయి. కొత్త తీగ వంచి బిగిస్తే మెత్తగా వాలిపోయాయి. కాల్చి నీళ్ళలో ముంచితే పుటుక్కున విరిగాయి. మూడోసారి ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్ళీ కాస్త సెగ చూపించింది. వేలితో మీటితే టింగుమన్నాయి. వంగలేదు, విరగలేదు. అదీ చెయ్యంటే!

ఇక మిగిలింది కాలితో తొక్కే పలక. అదొక్కటే యంత్రం దగ్గర లేదు. కొత్తది చేసుకోలేక కాదు, ఇంత మిగిలాక అసలుదే ఉండాలని ఆమె ఆశ. ఊరంతా వెతికితే అది సూరీడమ్మ ఇంట్లో, నీళ్ళ బిందెల కింద ఉందని తెలిసింది.

సూరీడమ్మ పండు ముసలమ్మ. ఆ యంత్రాన్ని తొక్కింది ఆమె పెనిమిటే. ఒక కోతల కాలంలో డ్రమ్ము పనతోపాటు అతని చేతినీ లాక్కుంది. వేళ్ళు పోయాయి పాపం. ఆ రోజే సూరీడమ్మ పలక ఊడబీకి ఇంటికి తెచ్చేసుకుంది, దాన్ని ఇంకెవరూ తొక్కకూడదని. తర్వాత కొన్నాళ్ళకు అతనూ కాలం చేశాడు.

"అత్తా, ఆ పలక ఇస్తావా?" అని అడిగింది నూకాలమ్మ.

"ఇవ్వను. మా ఇంటాయన వేళ్ళు తిన్న రాకాసి అది. దానికి బొట్టు పెట్టి నలుగురిలో నిలబెడతావా?" అంది ముసలమ్మ.

నూకాలమ్మ వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి కొలిమి కూడా వెలిగించలేదు. తను ఇనుమునే చూసింది గానీ, దాన్ని తొక్కిన మనిషిని తలుచుకోనే లేదు.

మర్నాడు రేకు వంచి, డ్రమ్ములోకి చేతులు పోకుండా ఒక అడ్డు బిగించింది. అప్పుడు మళ్ళీ సూరీడమ్మ దగ్గరికి వెళ్ళింది. "అత్తా, బొట్టూ పెట్టను, దండా వెయ్యను. అది ఏం చేసిందో కూడా చెబుదాం. నువ్వే వచ్చి చెప్పు. నువ్వు వద్దంటే నా చేత్తో నేనే పగలగొట్టేస్తాను."

సూరీడమ్మ లేచి, బిందెలు ఒక్కొక్కటీ దింపింది. "ఓ చెయ్యి వెయ్యవే, ఒక్కదాన్ని మొయ్యలేను" అంది.

కోతలయ్యాయి. పంచాయతీ ముందు జనం మూగారు. నూకాలమ్మ పలక తొక్కింది. డ్రమ్ము గిర్రుమంది. వరి పన అందిస్తే వడ్లు జలజలా వానలా రాలాయి! సన్యాసినాయుడు నోరు తెరిచి, "దీన్నా నేను ముక్కలు చెయ్యమన్నాను!" అన్నాడు.

సూరీడమ్మ అడ్డు పక్కన నిలబడి, "వెనక్కి జరగండి! ఇటు చేతులు పెట్టకండి, మా ఇంటాయన వేళ్ళు ఇందులోనే పోయాయి" అని అందరినీ గదమాయించింది.

అప్పుడు ఒక పిల్ల అడిగింది, "మామ్మా, ఆయన పేరేంటి?"

ఆ కాలంలో ఆడవాళ్ళు పెనిమిటి పేరు నోటితో అనేవారు కాదు బుజ్జీ. పెళ్ళయిన నాటి నుంచీ సూరీడమ్మ ఒక్కసారీ అనలేదు. జనమంతా ఆమె వైపే చూశారు. నూకాలమ్మ తొక్కడం ఆపేసింది.

ముసలమ్మ కొంగు సర్దుకుంది. అందరికీ వినపడేలా, "గవరయ్య. మా గవరయ్య" అంది.

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో కునుకు దారి పట్టింది,
చందమామ మబ్బు దుప్పటి కప్పుకుంది,
మా బుజ్జి అమ్మమ్మ పక్కన బజ్జుంది.