మెలిక గాళ్ల ఊచ

కోట ఆయుధశాల అధికారి భుజంగరాయుడు గారికి సుత్తి పట్టడం రాదు గానీ, పట్టినవాళ్లకి పాఠాలు చెప్పడం మా బాగా వచ్చు. ఓనాడు రాజుగారు చూస్తుండగా కమ్మరి సూరోజు ఫిరంగి దిమ్మెకున్న రంధ్రం లోపల మరచుట్లు కోయాల్సొచ్చింది. రంధ్రం జానెడు లోతు, అడుగు మూసే ఉంది. సూరోజు మరచుట్లు కోసే ఊచల్లోంచి మెలిక గాళ్లున్నది, అంటే ఒంటినిండా గాడులు మెలితిరిగి ఉన్నది, తీశాడు.

"ఆ వంకరదెందుకురా? తిన్నని గాళ్లది వాడు. రెండిటి కొలతా ఒకటేగా! విరిగిందో, నీ కొలువు ఊడినట్టే!" అని గద్దించారు రాయుడు గారు.

తిన్నని గాళ్లలోంచి కోసిన ఇనుప రజను పైకి రాదనీ, అడుగున కూరుకుపోయి ఊచ పుటుక్కుమంటుందనీ సూరోజుకి తెలుసు. చెబితే వినే ఘటమా ఇది?

"చిత్తం దొరా. ముందు పెరట్లో తమరు మనిషిలోతు గొయ్యి తవ్వించండి. మట్టి మాత్రం పైకి తియ్యొద్దనండి."

రాయుడు గారు పకపకా నవ్వారు. "మతి పోయిందట్రా? మట్టి తియ్యకుండా గొయ్యెలా దిగుతుంది?"

"దిగదు కదండీ! ఆ తిన్నని ఊచ బాధా అదే. ఇనుప రజనుని పైకి తోడేది ఈ మెలికే."

రాజుగారు మీసం చాటున నవ్వుకున్నారు. "సూరోజూ, నీ ఊచతోనే కొయ్యి. రాయుడూ, నువ్వా తిన్నదాన్ని పట్టుకుని ఆ మూల నిలబడు. అక్కడైతే నీవల్ల విరిగేదేమీ లేదు."