కల చూసి కట్టిన పచ్చ అట్ట

భీమిలి సముద్రపు ఒడ్డున ఒక పిల్లల ఫిలిం క్లబ్బులో, సినిమా చూడకుండానే తీర్పు చెప్పే పరాంకుశం అనే పెద్దమనిషి ఉండేవాడు.

క్లబ్బుకు వచ్చిన ప్రతి సినిమానూ ముందురోజు మధ్యాహ్నం ఆయన ఒక్కడే కూర్చుని చూడాలి. పదమూడేళ్లు నిండిన పిల్లలకు తగినదైతే తలుపుకి పచ్చ అట్ట, కాకపోతే ఎర్ర అట్ట కట్టాలి. అదీ పద్ధతి. కానీ ఆ హాలు కిటికీలు సముద్రం వైపు ఉండేవి. నిండిన కడుపు, ఉప్పుగాలి, పడక కుర్చీ! పేర్లు పడుతుండగానే పరాంకుశం కళ్లు మూతలు పడేవి. మెలకువ వచ్చాక, మంచి కలైతే పచ్చ అట్ట, పీడకలైతే ఎర్ర అట్ట. ఒకసారి పాపం చీమల సినిమాకి ఎర్ర అట్ట పడింది. ఆ రోజు కలలో ఆయన తాటిచెట్టు మీంచి పడ్డాడు మరి!

కొన్నాళ్లకి 'మూడో తలుపు' అనే నేరకథ వచ్చింది. అందులో హత్యలున్నాయని అందరూ చెప్పుకున్నారు.

"ఉంటే ఏం తాతగారూ? రోజూ పేపర్లో చదవడం లేదా? మేమేం ఉగ్గుపాలు తాగే పిల్లలమా?" అని పదహారేళ్ల తన్మయి నిలదీసింది.

పరాంకుశం మనవరాలు వారిజకు పదమూడేళ్లు. ఆమె నవ్వేసింది. "వాదన ఎందుకక్కా? మా తాతయ్య చూసి చెప్తాడుగా! పచ్చ అట్ట కడితే నేను ముందు వరసే."

ఆ మధ్యాహ్నం అలలు మెల్లగా కిటికీ ఎక్కి హాల్లోకి వచ్చాయి. కుర్చీలు పడవలై తేలాయి. తెర మీంచి తెల్లచొక్కా మనిషి ఒకడు దిగివచ్చి, వెన్నెలను ముద్దలుగా తుంచి పిల్లలకు పంచాడు. చేపలు గాల్లో ఈదుతూ వచ్చి వారిజ జడలో పువ్వులై కూర్చున్నాయి.

చివరి సంగీతానికి పరాంకుశం కళ్లు తెరిచాడు. ఒళ్లంతా హాయిగా ఉంది. "ఎంత చక్కటి సినిమా!" అనుకుంటూ పచ్చ అట్ట కట్టాడు.

మర్నాడు సాయంత్రం పిల్లలు సినిమా చూశారు. వారిజ ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంది.

మంచినీళ్ల కూజా ఆమె గదిలో ఉండేది. తెల్లవారగానే పరాంకుశం రోజూలాగే తలుపు తట్టాడు. "అమ్మడూ, కాసిని మంచినీళ్లు ఇస్తావా?"

లోపల కెవ్వుమని కేక. గడియ పడిన చప్పుడు.

"ఏమైందే తల్లీ? నేనే, తాతయ్యని!"

"వాడూ ఇలాగే అడిగాడు!" అంటూ లోపల్నుంచి ఏడుపు.

"ఎవడమ్మా?"

లోపల ఏడుపు ఆగింది. "ఎవడేంటి? సినిమాలో వాడు! మంచినీళ్లడిగి, తలుపు తీయించి చంపుతాడే, వాడు! నువ్వు చూశావుగా తాతయ్యా. చూసి కూడా ఆ మాటే ఎలా అడిగావు?"

పరాంకుశం తలుపు మీంచి చెయ్యి తీసేశాడు.

ఆ మధ్యాహ్నం ఆయన క్లబ్బు హాల్లోంచి పడక కుర్చీ బయట పెట్టేసి, సినిమా మొత్తం నిలబడి చూశాడు. ఉప్పుగాలి ఎంత జోకొట్టినా కన్ను మూయలేదు. కలలో వెన్నెల పంచిన తెల్లచొక్కావాడే తెర మీద చిరునవ్వుతో తలుపులు తట్టాడు.

బయట తన్మయి ఎదురైంది. "చివర్లో ఆ పక్కింటమ్మాయి వాణ్ణి భలే పట్టించింది కదా తాతగారూ!"

"భలే పట్టించింది. నీకు ఆ అమ్మాయి గుర్తుండిపోయింది. మా వారిజకు ఆ తలుపు గుర్తుండిపోయింది. ఆ తేడా నేను ముందే చూడాల్సింది," అంటూ ఆయన పచ్చ అట్ట విప్పి, ఎర్ర అట్ట కట్టాడు. దాని కింద 'పదహారేళ్లు నిండినవారికే' అని రాశాడు.

ఇంటికెళ్లి మనవరాలి గది ముందు నేలమీద కూర్చున్నాడు. తలుపు తట్టలేదు.

"నేను సినిమా చూడలేదమ్మడూ. నిద్రపోయాను. కల చూసి పచ్చ అట్ట కట్టాను."

లోపల అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

"మరి ఇప్పుడు చూశావా?"

"నిలబడి చూశాను. మూడో తలుపు దగ్గర భయమేసింది."

"నీక్కూడానా?"

"నాక్కూడా."

గడియ కదిలింది. తలుపు బెత్తెడే తెరుచుకుంది. ఆ సందులోంచి మంచినీళ్ల గ్లాసు పట్టుకున్న చిన్న చెయ్యి బయటికి వచ్చింది.

నీతి: తాము కళ్లు తెరిచి చూడనిదాన్ని పిల్లలు చూడవచ్చని గానీ, చూడకూడదని గానీ తేల్చే హక్కు ఏ పెద్దలకూ లేదు.