జైలు గేటు ముందు ముగ్గురు

పలకవలస పోలీసు స్టేషన్లో భూషణం అనే ఎస్సై ఉండేవాడు. దొంగల్ని పట్టడంలో దిట్టే గానీ, పక్క ఆఫీసువాళ్లతో మాట కలపడమంటే అతనికి నామోషీ. "పట్టడం నా పని. తరవాతి సంగతి కోర్టువాళ్లు, జైలువాళ్లు చూసుకుంటారు" అనేవాడు.

ఒకరోజు జైలు అధికారి సుగుణమ్మ ఫోను చేసింది.

"భూషణంగారూ, మీరు పట్టిన అప్పలకొండ రేపు విడుదలవుతున్నాడు. ఇక్కడ రొట్టెలు చేయడం బాగా నేర్చుకున్నాడు. లోపల ఉండగానే తల్లి పోయింది, ఇంక ఎవరూ లేరు. విడుదలైనవాళ్ల బాగోగులు చూసే ప్రొబేషన్ ఆఫీసరు ఏసుదాసుగారు బేకరీలో పని చూశారు. పోలీసులు సరేనంటేనే పెట్టుకుంటానన్నాడట యజమాని. ఒక్క మాట చెప్పరూ?"

"దొంగలకు సిఫారసు చేయడానికా నేనున్నది?" అంటూ భూషణం ఫోను పెట్టేశాడు.

అప్పలకొండ ఊరు చేరాడు. తల్లి లేని ఇంటి గుమ్మంలో చాలాసేపు కూర్చున్నాడు. బేకరీవాడు వద్దన్నాడు. మిగతావాళ్లు మొహం మీదే తలుపు వేశారు. వారం తిరక్కుండానే, ఆకలికి తాళలేక మళ్లీ పాత దారి పట్టాడు. కాసులమ్మ అనే ముసలావిడ కుట్టుమిషను ఎత్తుకుపోతుంటే ఆమె అడ్డు వచ్చింది. ఆ తోపులాటలో ఆమె కిందపడింది, చెయ్యి విరిగింది.

సాయంత్రానికల్లా భూషణం దొంగను పట్టేశాడు. మీసం దువ్వుకుంటూ ఆసుపత్రికి వెళ్లాడు.

"అవ్వా, నీ మిషను దొరికింది!"

"మంచిది బాబూ. ఈ చేత్తో ఇంక కుట్టగలనో లేదో" అంది కాసులమ్మ. మళ్లీ తనే అడిగింది. "పోయినసారీ వాణ్ని నువ్వే పట్టావట కదా. ఎప్పుడూ పట్టడమేనా నాయనా? వాడు మళ్లీ దొంగతనానికి రాకుండా చూసేవాళ్లు ఎవరూ లేరా?"

భూషణానికి సుగుణమ్మ ఫోను గుర్తొచ్చింది. చూసేవాళ్లు ఉన్నారు. తనను అడిగారు కూడా. కాదన్నది తనే.

మర్నాడు సుగుణమ్మ దగ్గరికి వెళ్లి తలవంచుకు నిలబడ్డాడు. "తప్పు నాదమ్మా. ఈసారి నన్నూ కలుపుకోండి" అన్నాడు. అప్పటినుంచి భూషణం, సుగుణమ్మ, ఏసుదాసు ముగ్గురూ తరచు కలుసుకునేవారు. ఎవరు విడుదలవుతున్నారు, ఎక్కడ ఉంటారు, ఏం పని చేస్తారు అని ముందుగానే మాట్లాడుకునేవారు.

అప్పలకొండకు రెండోసారి పడిన శిక్ష ముగిసిన రోజున ముగ్గురూ గేటు దగ్గరే ఉన్నారు. ఎస్సైని చూడగానే అప్పలకొండ అక్కడే ఆగిపోయాడు. "ఇంకా ఏమీ చెయ్యలేదు బాబూ" అంటూ బేడీల కోసం రెండు చేతులూ చాచాడు.

భూషణం ఆ చేతులు పట్టుకున్నాడు. "బేడీలు కాదురా. బేకరీకి పోదాం, పద. యజమానికి నేను చెప్పాను, నీకోసం చూస్తున్నాడు."

అప్పలకొండకు ఏడుపు ఆగలేదు. "ముందు ఆ అవ్వ దగ్గరికి తీసుకెళ్లండి" అన్నాడు.

కాసులమ్మ చెయ్యి పూర్తిగా బాగవలేదు. కాళ్ల మీద పడ్డవాణ్ని చాలాసేపు చూసింది. తరవాత బాగున్న చేత్తో అతని తల నిమిరి, "ఏమైనా తిన్నావా?" అని అడిగింది.

దొంగను పట్టడానికి ఒక్కరు చాలు; దొంగతనమే జరగకుండా ఊరిని కాపాడాలంటే మాత్రం అందరూ చేయి కలపాలి.