పాదిరిగారి తెల్ల దుప్పటి

ఇంగ్లండులో ఒక పల్లెకు పాదిరి ఆంబ్రోస్. అన్న పోయి తాతల ఎస్టేటు చేతికి రాగానే, దాని మధ్యగా చర్చికి వెళ్లే కాలిబాటకు గేటు పెట్టి తాళం వేయించాడు. చర్చికి రానివాళ్లకు మాత్రం శిక్ష మామూలే. తెల్ల దుప్పటి కప్పి అందరి ముందూ నిలబెట్టేవాడు. బాట మూసుకుపోయి, కొండ చుట్టి రాలేకపోయిన కుంటి ముసలమ్మకు ఈసారి ఆ శిక్ష పడింది.

ఆమె కూతురు డార్కస్ చర్చి బట్టలు ఉతికేది. ఆ దుప్పటి పట్టుకుని పాదిరి దగ్గరికి వచ్చింది.

"మా అమ్మను రాకుండా ఒకాయన అడ్డుకున్నాడయ్యా."

"ఛీ, ఏం ఊరే ఇది! విసిగి చస్తున్నాను. అడ్డుకున్నవాడిదే అసలు పాపం. దుప్పటి వాడికే కప్పుతాను. ఎవడు వాడు?"

"ఎస్టేటు కొత్త దొరగారండీ. తమరు పొడుగని, దుప్పటి సరిపోయేలా మడిచి కుట్టిన అంచు విప్పి తెచ్చాను."

పాదిరి పళ్లు నూరాడు. "మీ అమ్మకు శిక్ష లేదు, పో! ఆ అంచు మళ్లీ కుట్టేయ్!"

"గేటు తీశాక కుడతానండీ."