న్యూ ఫోల్డర్‌లో ఉన్నది

కంప్యూటర్ ఒకటే. అందులో డిస్కూ ఒకటే. దస్తగిరికి మాత్రం రెండు సిస్టమ్‌లు కావాలి.

పెన్న ఒడ్డున పీరుగారూ ఆయన శిష్యులూ ఉండే ఖానకా ఒకటుంది. అక్కడ పాత ఫార్సీ గ్రంథాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం దస్తగిరి పని. దానికి కావలసిన ప్రోగ్రాము లినక్స్ అనే సిస్టమ్‌లోనే నడుస్తుంది. తోటి శిష్యుడు వీరన్న తెలుగు తత్వాలను అచ్చుకు సిద్ధం చేస్తాడు. ఆయన అక్షరాలు విండోస్‌లో తప్ప కుదురుగా నిలబడవు. ఇన్నాళ్ళూ డిస్కంతా విండోస్‌దే. ఇప్పుడు దాన్ని విడగొట్టి లినక్స్‌కు చోటు చేయాలి. ఉన్నవాటిని పక్కన దాచుకోవడానికి ఇంకో డిస్కు లేదు. పోయిందంటే పోయినట్టే.

వీరన్న కూతురి ఊరికి వెళ్ళాడు. ఇదే అదను అనుకున్నాడు దస్తగిరి. ఇద్దరికీ పడదని కాదు. వీరన్న తత్వాలంటే అతనికి లెక్కలేదు, అంతే.

పీరుగారు హుసేన్ పీరా హజ్రత్ వరండాలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. దస్తగిరి ఆయన ముందు నేల మీద సుద్దతో పొడుగాటి గడి గీశాడు.

"ఇది డిస్కు హజ్రత్. ఈ చిన్న అర విండోస్‌కు. ఈ పెద్దది లినక్స్‌కు. నడుమ గోడ."

"ఒకదాని అరలోకి ఇంకొకటి తొంగి చూడదా?"

"లినక్స్ చూస్తాది. దానికి విండోస్ రాత చదవను వచ్చు. విండోస్‌కే లినక్స్ రాత రాదు." దస్తగిరికి నవ్వొచ్చింది. "మొన్న నా పెన్‌డ్రైవ్ దానికి పెట్టినా. లోపల లినక్స్ రాతలో రెండు గ్రంథాలుండాయి. దాని కంటికి ఏమీ ఆనలేదు. 'వాడుకోవాలంటే ఫార్మాట్ చేయాలి, చేద్దామా?' అని అడిగింది. ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచేయడం."

"తనకు చదవను రాకపోతే తుడిచేస్తానంటాదా?"

"అంతే హజ్రత్. దాని తెలివి అంతే!"

హజ్రత్ కూడా నవ్వారు. శిష్యుడు అంత సంబరంగా నవ్వుతుంటే గురువు బిగదీసుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది?

"ఇంతకీ నీకొచ్చిన కష్టమేంది?"

"చోటు చాలడం లేదు. వీరన్న ఫోల్డర్ ఒకటి కొండ మాదిరి కూర్చుండాది. దానికి పేరైనా పెట్టలేదు. కంప్యూటర్ పెట్టిన 'న్యూ ఫోల్డర్' అనే పేరే ఉండాది. అది తీసేస్తే నా అర సరిపోతాది. మీరు ఊ అంటే..."

"ఏముండాది దాంట్లో?"

"ఏదో ముసలి గొంతు. ఒకటే గొణుగుడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

"వినిపించు."

కంప్యూటర్ బల్ల పక్కనే ఉంది. దస్తగిరి కుర్చీలో కూర్చుని మౌస్ నొక్కాడు. ముందు గాలి చప్పుడు, తర్వాత దగ్గు. ఆ వెనక వణికే గొంతు ఒకటి మొదలైంది. మాటలు పళ్ళు లేని నోట్లో జారిపోతున్నాయి. సగం పాట, సగం ఆయాసం.

హజ్రత్ చేతులు ఆగిపోయాయి. చేట పక్కన పెట్టారు. తలపాగా సవరించుకున్నారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, మంచం పట్టె ఊతంగా మెల్లగా కిందికి దిగి, ఆ సుద్ద గీతల మీదే, కంప్యూటర్‌కు ఎదురుగా కాళ్ళు మడిచి కూర్చున్నారు.

గురువు ఎదుట ఎత్తు మీద కూర్చోకూడదు. ఖానకాలో అడుగుపెట్టిన మొదటి రోజు దస్తగిరి నేర్చుకున్న పద్ధతి అది. హజ్రత్ ఇంకొకరి ముందు అలా కూర్చోవడం అతను ఇంతవరకు చూడలేదు.

ఆ గొంతుతో పాటు హజ్రత్ పెదవులు కదులుతున్నాయి. ఎక్కడా తడబాటు లేదు. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి జారుతున్నాయి.

దస్తగిరి గభాలున కుర్చీ దిగి ఆయన వెనక కూర్చున్నాడు.

పాట అయిపోయింది.

"మా ముర్షిద్. నాకు చదువు చెప్పిన గురువు," అన్నారు హజ్రత్. "పళ్ళన్నీ పోయినాక ఇవన్నీ పాడినారు. వీరన్న సెల్లులో పట్టినాడు. ఆయన గొంతు మాకు మిగిలింది ఈ ఫోల్డర్‌లోనే."

"మరి పేరెందుకు పెట్టలేదు హజ్రత్?"

"ఆయన పేరు వీరన్న నోటితోనే పలకడు. ఇంక వేలితో పొడిచి రాస్తాడా?"

దస్తగిరి, "నాకు అర్థం కాలేదు హజ్రత్. అందుకని..." అన్నాడు.

హజ్రత్ తలపాగా కొసతో కళ్ళు తుడుచుకున్నారు. ఆయనకు కోపం రాలేదు. ఆ తడి కళ్ళలోనే కాస్త కొంటెతనం కనబడింది.

"ఫార్మాట్ చేద్దామా?" అని అడిగారు.

దస్తగిరి సిగ్గుతో తల వంచుకున్నాడు. ఆయనను లేవదీసి మంచం మీద కూర్చోబెట్టాడు. తడిగుడ్డ తెచ్చి, చెదిరిపోయిన సుద్ద గీతలు తుడిచి మళ్ళీ గీశాడు. ఈ చివర విండోస్‌కు చిన్న అర, ఆ చివర లినక్స్‌కు చిన్న అర. నడుమ, రెండింటికీ చదవడం వచ్చిన రాతలో, అన్నిటికంటే పెద్ద అర. అది ఎవరిదని హజ్రత్ అడగలేదు. చేట ముందుకు లాక్కున్నారు.

వీరన్న తిరిగి వచ్చేదాకా దస్తగిరి డిస్కు జోలికి పోలేదు. వచ్చాక ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తాను కింద కూర్చున్నాడు.

"న్యూ ఫోల్డర్ పెట్టు వీరన్నా," అన్నాడు. "ఒక్కో మాటా ఏందో నాకు చెప్పు."